రైలుకు ముందు ధర, రైలుకు తర్వాత ధర

మా వీధిలో వంకాయకు రెండు ధరలు ఉండేవి. సాయంత్రం రైలు రాకముందు ఒకటి, వచ్చిన తర్వాత ఒకటి. కాయలు అవే, గంప అదే, అమ్మే ముసలమ్మా ఆమే. నడుమ మారేదల్లా విరుదునగరం నుంచి వచ్చే బండి కూత ఒక్కటే. ఆ కూత వినపడగానే ముసలమ్మ గంప మీది తడిగుడ్డ తీసి, కాయల మీద నాలుగు చుక్కలు చిలకరించి, వీశెకు అర్ధణా పెంచేసేది. అందుకే మా అమ్మ ఎండ ఇంకా వాలకముందే చెంగు తలమీద వేసుకుని వీధి మొదటికి పోయి ఆమెను పట్టుకునేది. బండి ఇంకా సాత్తూరు కూడా దాటలేదు, నీ కాయకు అప్పుడే జీతం వాసన తగిలిందా అని అరవంలో ఎకసెక్కం ఆడేది. ముసలమ్మ తిట్టుకుంటూనే తూచేది.

ఇది 1920ల చివర, అరవదేశం దక్షిణాన కోవిల్పట్టిలో. నాకప్పుడు పదకొండేళ్లు. రైలు కట్టకు తూర్పున కొత్తగా లేచిన వీధుల్లో ఒకదాంట్లో మా అమ్మ, నేను, మా బర్రె కాపురం ఉండేవాళ్లం. బర్రెను మేము ఎనుము అంటాం. నైనా, అంటే మా నాన్న, మాతో ఉండేవాడు కాదు. నాగలాపురం అవతల మా పల్లెలో పత్తి, సజ్జ పండించుకుంటూ పదిహేను రోజులకోసారి ఎద్దుల బండి కట్టుకుని వచ్చేవాడు. వచ్చేటప్పుడు ఎనుముకు చొప్ప, పొయ్యిలోకి పత్తికంప, మాకు సజ్జలు తెచ్చేవాడు. ఒక పూట ఉండి, వీధిలో ఇళ్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో అని విసుక్కుని వెళ్లిపోయేవాడు.

తనకు చదువు లేదు కాబట్టి బిడ్డకైనా రావాలని తల్లి తపించిందని రాస్తే బాగుంటుంది గాని, నిజం అది కాదు. మా అమ్మకు నా పని నచ్చేది కాదు. పత్తి తీయమంటే ఎండాకుతో సహా తీసేదాన్ని. కలుపు తీయమంటే పైరు పీకేదాన్ని. "దీన్ని ఎవడు చేసుకున్నా మూడోనాడు బండిలో తెచ్చి దించిపోతాడు, చదువన్నా వస్తే సరి" అని అమ్మ తీర్మానించింది. మా పల్లె బడి అయిదో తరగతితో ఆగిపోయేది. ఆ అయిదు తరగతులైనా పంతులుకు సొంత పొలంలో పని లేని రోజుల్లోనే నడిచేవి. అందుకని కోవిల్పట్టి వచ్చాం.

ఇంతకూ ఇది తెలుగులో రాస్తున్నాను గాని, చిన్నప్పుడు మా తెలుగు నోట్లోనే ఉండేది, చేతికి రాలేదు. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. చదివింది అరవం, రాసింది అరవం. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక, నెల్లూరులో కాపురం ఉన్నప్పుడు దిద్దుకున్నాను. అక్కడి పక్కింటావిడ నా మాట విని, మీది మా ముత్తవ్వ మాటలా ఉందమ్మా అని నవ్వేది. నవ్వితే నవ్వింది. ఆ ముత్తవ్వ మాటలోనే మా అమ్మ బతికింది.

తూర్పు వీధుల్లో ఒక ఆడపిల్లల బడి ఉండేది. దాని పెద్ద టీచరమ్మ గట్టి మనిషి. గొంతు పెంచేది కాదు, కొట్టేది కాదు. గంట కొట్టాక వచ్చిన పిల్లను మాత్రం గడప బయట నిలబెట్టేది. మొదటి పాఠం అయ్యేదాకా అక్కడే. లోపల పాఠం వినపడుతుంది, పలక మీద రాయడానికి లేదు. అంతకంటే పెద్ద శిక్ష ఆ బడిలో లేదు. మూడేళ్లలో నేను ఒక్కరోజు కూడా అక్కడ నిలబడలేదు. నా గొప్పేం లేదు, మా ఇంటి నుంచి బడికి నాలుగు ఇళ్ల దూరం. ఆమె ఎనిమిదో తరగతి పరీక్షకు పంపిన పిల్లలు పంపినట్టే పాసయ్యేవాళ్లు. ఎనిమిది పాసైతే ట్రెయినింగు, ట్రెయినింగు అయితే టీచరు ఉద్యోగం. అమ్మ లెక్క అంతే, అందులో నా ఇష్టాయిష్టాలకు చోటు లేదు. విచిత్రమేమిటంటే నాకు ఆ బడి ప్రాణమై కూర్చుంది.

ఇల్లు మా నైనాకు మేనమామ వరుసయ్యే పెద్దమనిషిది. ఆయన పత్తి తోలుకొచ్చినప్పుడు ఎద్దులకూ మనుషులకూ ఆపూటకు నీడ ఉండాలని కట్టించుకున్నాడు. రెండు గదులు, ముందు పంచ, వెనుక దొడ్డి, దొడ్డిలో ఉప్పునీళ్ల బావి, బావి పక్కన ఎనుమును కట్టే గుంజ. అద్దె ఏడాదికోసారి. పత్తి అమ్ముడయ్యాక రెండు మూటల సజ్జ, బండెడు పత్తికంప. అంతే. మా నల్లరేగడి ఏడాదికోసారి ఇచ్చేది, మేమూ ఏడాదికోసారి ఇచ్చేవాళ్లం. నెల అనే మాట ఆ బేరంలో లేనే లేదు.

ఆ మాటను తెచ్చింది బడి. దాని పేరు ముందు బయటికి పోయింది, వెనకాలే ధర లోపలికి వచ్చింది. విరుదునగరంలో, మా పెద్దవాళ్ల నోట ఇంకా విరుదుపట్టిలో, పత్తి కొట్లు, మిరపకాయల మండీలు, వాటి నిండా గుమాస్తాలు. ఆడపిల్లలున్న గుమాస్తాలు ఒక్కొక్కరే కాపురాలు తెచ్చి మా తూర్పు వీధుల్లో పెట్టారు. వాళ్లు పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి వచ్చేవాళ్లు. చొక్కా జేబులో సీజన్ టికెట్టు, చేతిలో అన్నం క్యారియరు. సంబళం అంటే అరవంలో జీతం. మా ఇళ్లలో వాళ్లకు సంబళక్కారోళ్లు అని పేరు పడింది. వాళ్ల డబ్బు విరుదునగరంలో పుట్టి మా వీధిలో ఖర్చయ్యేది.

తీపినీళ్ల బండివాడు బిందెకు ధర పెంచాడు. చాకలి పెంచాడు. పాలవాడు పెంచడమే కాదు, నీళ్లు కూడా పెంచాడు. నెల మొదటి వారం చింతపండుకు కూడా రెక్కలొచ్చేవి, ఇరవయ్యో తేదీ దాటితే దిగి వాలేది. ఇది వీధిలో అందరికంటే ముందు కనిపెట్టింది అక్షరం రాని మా అమ్మ. పల్లెలో అమావాస్య, పున్నమి లెక్క పెట్టుకున్న మనిషి ఇక్కడ "పాపా, ఇంగిలీసు నెలకు ఇంగా ఎన్ని దినాలుండాయి?" అని అడిగేది. ఆ చివరి నాలుగు రోజుల్లో ఉప్పు, మిరపకాయ, చింతపండు ఇంటికి చేరేవి. ఒకటో తేదీన మా ఇంట్లోవాళ్లు బజారు మొహం చూసేవాళ్లు కాదు.

మా పక్కింట్లో చేరినాయన విరుదునగరం మిరపకాయల మండీలో గుమాస్తా. ఇద్దరు ఆడపిల్లలు. భార్య సన్నగా, గాజులు కూడా చప్పుడు చేయనంత నెమ్మదిగా ఉండేది. చేరిన రెండోరోజు పొద్దున చెంబు పట్టుకుని, చెంబులో ఒక కానీ నాణెం వేసుకుని చల్లకు వచ్చింది.

మా వాళ్లలో పాలు అమ్మొచ్చు. నెయ్యి అమ్మొచ్చు. పిడకలు కూడా అమ్మొచ్చు. చల్ల అమ్మకూడదు. చిలికిన ఇంటి చల్ల అడిగినవాళ్లది. అమ్మితే ఎనుము పొదుగు ఎండిపోతుందని మా అవ్వ చెప్పేది. అమ్మ ఆ కానీని నా చేత తిరిగి ఇప్పించి, చెంబు నింపి పంపింది. డబ్బు తీసుకోలేదని ఆ తల్లికి మొహం చెల్లక నాలుగు రోజులు రాలేదు. పెరట్లోకి తొంగి చూడటం, వెళ్లిపోవడం. చివరికి అమ్మే గోడ దగ్గరికి పోయి, చల్లకొచ్చి ముంత దాచుకుంటే ఎట్లా తల్లీ, చెంబు ఇట్లా తే అని పిలిచింది. ఆమెకు అరవంలో చెప్పి, నావైపు తిరిగి తెలుగులో అదే మాట ఇంకోసారి చెప్పి నవ్వింది.

ఆ తర్వాత అది మా వీధికి అలవాటైపోయింది. ఎనిమిది ఇళ్ల చెంబులు పొద్దున మా పంచలో వరసగా ఉండేవి. గుమాస్తాలు స్టేషనుకు పరుగెత్తుతూ మా గడప దగ్గర ఆగి, గుక్కెడు తాగి, మీసం తుడుచుకుని పోయేవాళ్లు. మా కవ్వం చప్పుడు ఆగిందంటే బండికి ఇంకా పావుగంట ఉందని లెక్క. ఒకరోజు ఎనుము తన్ని కుండ పగిలి, కవ్వం ఆడలేదు. ఇద్దరు గుమాస్తాలకు బండి తప్పింది. ఆ రోజంతా అమ్మ ఎనుమును తిట్టింది, ఇద్దరి ఇళ్లకూ పోయి మాట్లాడి వచ్చింది. ఇప్పుడు నాకు గడియారాలు మూడున్నాయి. ఒక్కటీ ఆ కవ్వంలా మేలుకొలపదు. ఆ పొద్దుల మీద నాకున్న బెంగ ఎవరికి చెప్పినా, చల్లకు ఇంత బెంగా అంటారని ఊరుకుంటాను.

నేను ఎనిమిదిలోకి వచ్చాను. పరీక్షకు ఇంకా అయిదు నెలలు. నైనా బండిలో వచ్చిన రోజే మామ కూడా వచ్చాడు. ఇల్లు ఆయనదే అయినా పంచలో అరుగు మీదే కూర్చున్నాడు. అమ్మ పెద్ద చెంబుతో చల్ల ఇచ్చి తలుపు వెనక్కి తప్పుకుంది. నేను అమ్మ పక్కన ఉన్నాను. మామ సగం చెంబు తాగి గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడా, ఈ పక్క ఇండ్లకు శానా గిరాకి వచ్చిండాది. నెలకు ఆరు రూపాయలిస్తుమని అడుగుతుండారు. సంబళక్కారోళ్లు. ఒకటో తేదీ పొద్దున తెచ్చి చేతిలో పెడతారంట."

నైనా కాస్త కూడా ఆలోచించలేదు. "మీ ఇల్లు మామా. మీరు ఎట్ల చెప్తే అట్లే" అన్నాడు.

ఇది మా వాళ్ల పద్ధతి. పెద్దవాడు ఎదుట కూర్చుని ఒక మాట అంటే కాదనడం ఉండదు. ముందు మొత్తం ఆయన చేతిలో పెట్టేయాలి. అప్పుడు ఆయన, పోనీలేప్పా, బిడ్డ పరీక్ష కానీ, తర్వాత చూస్తుము అని తిరిగి మన చేతిలో పెడతాడు. పెళ్లి మాటలు, గట్టు తగాదాలు, ఎద్దుల పంపకాలు అన్నీ అట్లాగే తెగేవి. మాటలో ఒక సగం వీళ్లది, ఇంకో సగం వాళ్లది. నైనా తన సగం చెప్పి మామ సగం కోసం ఎదురుచూశాడు. తలుపు వెనక అమ్మా ఎదురుచూసింది.

మామ మిగతా చల్ల తాగాడు. మీసం తుడుచుకున్నాడు. "అయితే మార్గళి పోయినంక ఇడిసిపెట్టండప్పా" అని కండువా భుజాన వేసుకున్నాడు. మార్గళి అంటే ధనుర్మాసం, పరీక్షకు మూడు నెలల ముందే.

ఆరు రూపాయల ముందు మామకు తన సగం గుర్తు రాలేదు. ఆయన్ను నేను పూర్తిగా తప్పు పట్టలేను. ఏడాదికి డెబ్బైరెండు రూపాయలంటే ఆ రోజుల్లో వాన కోసం మొగులు చూడనక్కర్లేని పొలం దొరికినట్టు. కాని తప్పు పట్టకుండా ఉండనూ లేను.

మామ బండి మలుపు తిరిగేదాకా అమ్మ ఆగింది. "మీ మరియాద బాగుండాది. ఇంగ బిడ్డ పళ్లికూడం యాడ?" అని నా బడి సంగతి ఎత్తింది.

"మామ దగ్గర బేరమాడమంటావా?"

"ఆయన ఆడలేదా?"

నైనా ఎద్దులకు నీళ్లు పెట్టే నెపం మీద దొడ్డిలోకి పోయాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

తూర్పు వీధుల్లో ఇంకో ఇల్లు వెతుకుదామంటే అన్నిటి ధరా అంతే, ఇంకా ఎక్కువే. మేము ఉండగలిగిన ఇళ్లు ఊరికి ఆ చివర, అక్కడ ఎనుమును కట్టడానికి చోటు లేదు. ఎనుము లేకపోతే పట్నంలో మాకు తిండే లేదు. అంటే పల్లెకు పోవాలి, అక్కడితో నా బడి సరి. నాకు రాత్రీ పగలూ ఆ గడప, ఆ నల్లబల్ల, టీచరమ్మ చేతి సుద్దముక్క కళ్లలో తిరిగేవి.

పక్కింటామె ఒకరోజు గోడ దగ్గర నిలబడి ఒక ఉపాయం చెప్పింది. "అక్కా, ఎనిమిది ఇళ్లు. ఇంటికి నెలకు పన్నెండణాలు తీసుకో. ఆరు రూపాయలూ చల్లలోనే వచ్చేస్తాయి. ఎవ్వరూ కాదనరు."

లెక్క సరిగ్గా ఉంది. నేను పలక మీద వేసి చూశాను కూడా. అమ్మ రెండు రోజులు ఎప్పటిలాగే పోసింది. మూడోరోజు పొద్దున చిలికాక, కుండ పక్కన చిన్న ఇత్తడి కొలపాత్ర తెచ్చి పెట్టింది. మొదటి చెంబు వచ్చింది. అమ్మ కొలపాత్ర చేతిలోకి తీసుకుంది, దానివైపు చూసింది, లోపలికి తీసుకెళ్లి అటక మీద పెట్టేసి వచ్చింది. ఎప్పటిలా గరిటెతో, చెంబు నిండా పోసింది.

నాలుగు చెంబుల పుల్లనీళ్ల కోసం నా బడి పోగొట్టిందని ఏడ్చాను. మొండిది అని నోటితోనే అన్నాను. అమ్మ కొట్టలేదు. నా వయసులో నాకు తెలిసిన ధర్మం ఒక్కటే, నేను పరీక్ష రాయాలి. ఇప్పుడు కూడా ఆ కోపం తప్పని నేను అనుకోను.

ఇల్లు వదిలే రోజు వచ్చింది. బండిలో కుండలు, చాపలు ఎక్కాయి. ఎనుమును బండి వెనక కట్టారు. అప్పుడు పక్కింటామె వచ్చింది. చేతిలో చెంబు లేదు. పంచలో నిలబడి, అమ్మ మొహం చూడకుండా చెప్పింది. "ఆరు రూపాయలిస్తామని అడిగింది మావారే అక్కా. బావి ఉంది, పెద్ద ఇల్లు, ఆడపిల్లలు ఎదుగుతున్నారు అన్నారు. నాకు మొదటి రోజే తెలుసు. మీరు చల్ల అమ్మి ఇల్లు నిలబెట్టుకుంటే నా నెత్తిన పాపం దిగిపోతుందని ఆ మాట చెప్పాను."

మా అమ్మ బయటివాళ్లతో ఎప్పుడూ తెలుగు మాట్లాడేది కాదు. ఆ రోజు మాట్లాడింది. "ఇన్ని దినాలు చల్లకొచ్చి ముంత దాచింటివి గదమ్మా" అంది. ఆమెకు తెలుగు తెలియదు. అర్థం మాత్రం తెలిసింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. అవి తుడుచుకోకుండానే, "పాపను నా దగ్గర ఉంచు. పరీక్ష అయ్యేదాకా. ఇన్నాళ్లూ మీ చల్ల తాగాం" అంది.

అమ్మ నన్ను చూసింది. నేను బండి దిగేశాను. నా మూట ఇంకా చాపల కిందే ఉంది, నైనా దాన్ని లాగి ఇచ్చాడు.

అట్లా, వాళ్లు మా ఇంట్లోకి మారాక, నేను మా ఇంటి పంచలోనే పరాయి ఇంటి పిల్లనై మూడు నెలలు పడుకున్నాను. దొడ్డిలో గుంజకు తాడు కట్టి బట్టలు ఆరవేసేవాళ్లు. పొద్దున కవ్వం బదులు క్యారియరు మూతల చప్పుడు. జీతం ఇంటిని లోపలి నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. ఇరవయ్యో తేదీ దాటాక కూరలో ముక్కలు తగ్గేవి. ఆమె తనకు తక్కువ వడ్డించుకుని నాకు సమంగా పెట్టేది. గుమాస్తాగారు సాయంత్రం బండి దిగి ఇంటికొచ్చేసరికి మాటకు కూడా ఓపిక లేక గోడకు ఆనుకునేవాడు. మేము వీళ్ల వల్ల ధరలు పెరిగాయని తిట్టుకున్నాం గాని, ఆ ధరలు వీళ్ల కంచంలోంచి కూడా తీసుకుంటున్నాయి. ఆమె మీద కోపం నాకు ఎన్నాళ్లో నిలవలేదు.

పరీక్ష పాసయ్యాను. ట్రెయినింగు అయింది. 1930ల నడుమ విరుదునగరంలో ఒక ఆడపిల్లల బడిలో టీచరునయ్యాను. ఇరవైరెండు రూపాయల జీతం. మొదటి జీతం చేతిలో పడ్డ రోజు నడక కూడా మారిందని తోటి టీచరు ఏడిపించింది. మారే ఉంటుంది.

అమ్మను తెచ్చుకోవాలి, బడికి దగ్గరగా ఇల్లు కావాలి. ఊరి అంచున, బడి వెనక వీధిలో ఒక ఇల్లు నచ్చింది. బయటి నుంచే చూశాను. యజమాని, అందులో ఉన్నవాళ్లు పంట వచ్చినప్పుడు ఇస్తారమ్మా, పల్లెవాళ్లు అన్నాడు. నేను ఒకటో తేదీన ఇస్తాను, రూపాయి ఎక్కువే ఇస్తాను అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో గర్వం నాకే వినపడింది. వారంలో ఇల్లు ఖాళీ అయింది. ఉన్నవాళ్లు ఎవరని నేను అడగలేదు. ఎంత వెతుక్కున్నా, అడగాలని తట్టినట్టు కూడా నాకు గుర్తు లేదు.

నేను చేరిన పది రోజులకు అమ్మ వచ్చింది. గుడ్డలో చుట్టి కవ్వం తెచ్చుకుంది. ఇల్లంతా చూపించాను. గదులు, కిటికీ, బడి గంట ఎంత బాగా వినపడుతుందో. అమ్మ వింటూ దొడ్డిలోకి పోయి ఆగిపోయింది. మూలన గుంజ. తాడు ఒరిసి ఒరిసి నున్నబడింది. గోడ మీద పిడకలు, ఒక్కొక్కదాని మీద అయిదు వేళ్ల గుర్తు. నీడపట్టున ఉన్న కింది వరస ఇంకా సరిగ్గా ఎండలేదు.

"ఈ గుంజకు కట్టిన ఎనుము యాడికి పోయింది?"

"ఏమో అమ్మా. ముందున్నవాళ్లది."

"ముందున్నోళ్లు యాడికి పోయినారు?"

అమ్మ ఆ పిడకలను చేత్తో తాకింది. కాళ్లు కూడా కడుక్కోకుండా వీధిలోకి పోయింది. తీపినీళ్ల బండివాణ్ని, కూరల గంపలవాళ్లను అడుగుతూ పోయిందట. వంకాయల ముసలమ్మతో నేర్చిన అరవం పనికొచ్చింది. దీపాలు పెట్టే వేళకు వచ్చి అరుగు మీద కూర్చుంది.

"సాత్తూరు బాట పక్క, పత్తి మిల్లు ఆవల గుడిసెలో ఉండారు. ఏళాయిరంపన్నై పక్కోళ్లు. మనోళ్లే. తల్లీ, బిడ్డా. బిడ్డ చదువు కోసరమే వచ్చిండారు" అని, చెంగుతో మొహం తుడుచుకుని అంది, "ఆ బిడ్డ నీ తరగతేనంట."

"ఎవరు?"

"దినమూ నువ్వు గడప బయట నిలబెడతావంట గదా, ఆ బిడ్డ."

పది రోజులుగా ఒక పిల్ల గంట కొట్టాక, చెమటలు కారుతూ, కాళ్లకు దుమ్ముతో వస్తోంది. అంతకుముందు ఎన్నడూ ఆలస్యంగా రాని పిల్ల. మా కోవిల్పట్టి పెద్ద టీచరమ్మ పద్ధతి గొప్పదని, నేను ఆమెలాంటి టీచరును కావాలని, దాన్ని రోజూ గడప బయట నిలబెట్టాను. ఎందుకు ఆలస్యం అని ఒక్కసారి అడిగాను. కొత్త టీచరు తన ఇంట్లో చేరిందని ఆ పిల్లకు తెలుసు. నన్ను రోజూ ఆ ఇంటి నుంచి రావడం చూస్తూనే ఉంది. ఒక్క మాట చెప్పలేదు.

అంత సిగ్గు నా జీవితంలో మళ్లీ పడలేదు. రేపే ఈ ఇల్లు వదిలేద్దామమ్మా అన్నాను.

"నువ్వు ఇడిస్తే ఇంగో సంబళక్కారోడు వస్తాడు" అంది అమ్మ. "ఆ బిడ్డకేం ఒరిగె? పంచ ఉండాది. గుంజ ఉండాది. పొద్దున పోయి పిలుచుకొస్తా."

ముందుగా వచ్చింది ఎనుమే. ఎవరూ నడిపించకుండా దొడ్డిలోకి పోయి గుంజ దగ్గర నిలబడింది. ఆ వెనక మూట పట్టుకుని పిల్ల. తల్లి వీధిలోనే ఆగిపోయింది, లోపలికి రానంది. పత్తి తీసే కాలం, పల్లెకు పోవాలి అంది. అమ్మ వీధిలోకే పోయి ఆమెతో తెలుగులో మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. నేను వెళ్లి ఆమె ఎదుట నిలబడాల్సింది. నిలబడలేకపోయాను.

మరునాడు పొద్దున ఎన్నో ఏళ్ల తర్వాత కవ్వం చప్పుడుకు లేచాను. ఆ పిల్ల అప్పటికే తల దువ్వుకుని పంచలో కూర్చుని ఉంది. అమ్మ పోసిన చల్ల తాగి, చెంబు కడిగి బోర్లించి, నాకంటే ముందే బడికి పోయింది. నేను వెళ్లేసరికి మూడో వరసలో తన చోట కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమని చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది.